అటక మీది జపాన్ గిటార్: రంగు వేయించే ముందు విప్పి చూడండి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మీ నాన్నగారు 1970ల్లో ఖనిజం ఓడల మీద పనిచేస్తూ జపాన్ వెళ్ళొచ్చేవారు. అక్కడ కొన్న ఎలక్ట్రిక్ గిటారూ, చిన్న యాంప్లిఫయరూ విశాఖ మల్కాపురం ఇంట్లో అటక మీద ముప్ఫై ఏళ్ళకు పైగా ఉండిపోయాయి. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల భాగం) మీద ‘గిబ్సన్’ అనే పేరుమోసిన అమెరికా గిటార్ కంపెనీ పేరు చూసి ఒకాయన లక్షన్నర ఇస్తానన్నాడు. ఇంకొకాయనేమో పాత రంగంతా గీకించి కొత్తగా స్ప్రే చేయిస్తే రేటు ఇంకా పెరుగుతుందన్నాడు. మీ అబ్బాయి మాత్రం అమ్మొద్దు, నేను వాయిస్తానంటున్నాడు. ఇదీ మీరు చెప్పింది.

మిగతాది నింపాదిగా చదువుదురు గానీ, ముందు ఒక మాట. ఆ యాంప్లిఫయర్ ప్లగ్గు గోడలో పెట్టకండి. అబ్బాయికి ఇప్పుడే చెప్పండి, కుర్రాళ్ళు ఆగరు. కారణం చివర్లో చెబుతాను.

ఇక గిటార్. అది గిబ్సన్ కాదు. మీరు నొచ్చుకుంటారేమో గానీ, తిప్పి తిప్పి చెప్పడం నాకు చేతకాదు. మీ రెండో ఫోటోలో వెనకవైపు, నెక్ (తీగలు పరిచే పొడుగు కాడ) మొదట్లో ఒక ఇనప పలక, దానికి నాలుగు స్క్రూలు కనిపిస్తున్నాయి. ఈ ఆకారాన్ని లెస్ పాల్ అంటారు. గిబ్సన్ కంపెనీ 1952లో తెచ్చిన మోడల్. అసలు లెస్ పాల్‌కి నెక్‌ని బాడీలోకి దూర్చి జిగురుతో అతికిస్తారు, వెనక స్క్రూలు ఉండవు. స్క్రూలతో బిగించే పద్ధతి ఫెండర్ అనే ఇంకో అమెరికా కంపెనీ వాళ్ళది. పైగా ఆ పలక మీద ‘స్టీల్ రీఇన్‌ఫోర్స్‌డ్ నెక్, మేడ్ ఇన్ జపాన్’ అని చెక్కే ఉంది. కొంటానన్నాయన దాన్ని చూడలేదో, చూసీ మాట్లాడలేదో మరి.

ఇంకో గుర్తు కూడా ఉంది. హెడ్‌స్టాక్ మీద ట్యూనింగ్ కీల మధ్య చిన్న నల్ల ప్లాస్టిక్ మూత ఉంది చూడండి. గిబ్సన్‌కి అది రెండు స్క్రూలతో ఉంటుంది. మీదానికి మూడున్నాయి. పేరు కూడా అంచు లేచిన స్టిక్కర్. అసలు లెస్ పాల్ స్టాండర్డ్‌కి ఆ పేరు ముత్యపుచిప్పతో పొదిగి ఉంటుంది, గోరుతో గీరితే లేవదు.

ఆ స్టిక్కర్ పెట్టింది ఎవరైనా గానీ మోసం చేద్దామనే పెట్టారని అనుకోకండి. నేను షిప్‌యార్డులో ఎలక్ట్రీషియన్‌గా చేస్తూ, సాయంత్రాలు లైట్ మ్యూజిక్ ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాణ్ణి. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, కాలేజీ డేలు. మా రోజుల్లో అందరి గిటార్ల మీదా ఏదో ఒక అమెరికా పేరు ఉండేది. నాది కలకత్తాలో తయారైన గిటార్. దాని మీద ‘ఫెండర్’ అని తెల్ల ఎనామిల్‌తో రాసిపెట్టింది పూర్ణా మార్కెట్ దగ్గరి సైన్‌బోర్డు ఆర్టిస్టు. ఒక అక్షరం తప్పు రాశాడు కూడా. ఆరేళ్ళు అలాగే వాయించాను, ఏ ఒక్కరూ గమనించలేదు.

మరి మీ చేతిలో ఉన్నదేమిటి? మన విశాఖ రేవుకీ జపాన్‌కీ ఉన్న చుట్టరికం మీకు తెలిసే ఉంటుంది. బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వడం, దాన్ని దింపడానికి కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేయడం, అంతా జపాన్ ఉక్కు కర్మాగారాల కోసమే మొదలైంది. పెద్ద ఖనిజం ఓడలు పట్టాలనే 1976లో ఔటర్ హార్బర్ కట్టారు. ఖనిజం అటు వెళ్ళేది. ఓడల్లో పనిచేసేవాళ్ళ చేతుల్లో టేప్‌రికార్డర్లు, కెమెరాలు, వాచీలు, అప్పుడప్పుడూ ఇలాంటి గిటార్లూ ఇటు వచ్చేవి. ఈ నలభై ఏళ్ళలో మన ఊళ్ళో నా చేతిమీదుగా బాగైన జపాన్ గిటార్లు పదీ పన్నెండు ఉంటాయి. ఎక్కువ భాగం రేవు, షిప్‌యార్డు, నేవీ వాళ్ళ ఇళ్ళలోవే.

ఆ రోజుల్లో జపాన్‌లో గిటార్ తయారీకి పెద్ద కేంద్రం నగానో ప్రాంతంలోని మత్సుమోటో ఊరు. ఫుజిగెన్, మత్సుమోకు అనే ఫ్యాక్టరీలు అక్కడివే. ఒకే ఫ్యాక్టరీ పది పేర్లతో గిటార్లు చేసి ఇచ్చేది. హోల్‌సేల్ వాళ్ళు ఎవరి పేరు వాళ్ళు వేసుకునేవారు. అందుకే హెడ్‌స్టాక్ మీది పేరుకి నేను పెద్ద విలువ ఇవ్వను. మీరు చూపించిన పలక కూడా చాలా బ్రాండ్ల మీద కనిపించేదే, దాన్ని బట్టి ఫ్యాక్టరీ తేల్చలేం. అసలు ఆధారాలు లోపల ఉంటాయి: నెక్ మడమ (బాడీలో కూర్చునే చివర) మీద, అది కూర్చునే గుంటలో, తీగల కింద ఉండే అయస్కాంతపు పెట్టెలైన పికప్‌ల అడుగున. అక్కడ రబ్బరు స్టాంపు ముద్రలు, పెన్సిల్ రాతలు, ఒక్కోసారి తేదీ కూడా దొరుకుతాయి.

ఇలాంటి జపాన్ కాపీలనే నెట్‌లో కొందరు ‘లాసూట్ గిటార్’ (కోర్టు కేసు గిటార్) అని రేటు పెంచి చెబుతారు. అసలు సంగతి ఇది. 1977లో గిబ్సన్ మాతృసంస్థ నోర్లిన్, ఐబనెజ్ అనే జపాన్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద అక్కడి కోర్టులో దావా వేసింది. గొడవంతా హెడ్‌స్టాక్ ఆకారం గురించి. మరుసటి ఏడాది బయటే రాజీ పడ్డారు. అంతేగాని జపాన్‌లో తయారైన ప్రతి కాపీ గిటార్ మీదా కేసేమీ పడలేదు. ఆ మాట చెప్పి ఎవరైనా బేరం చేస్తే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు ఒక పరీక్ష. గిటార్‌ని ఒళ్ళో పెట్టుకుని, రెండు పికప్‌ల మధ్య పైచెక్క మీద వేలి కణుపుతో తట్టండి. తర్వాత అంచు దగ్గర తట్టండి. మధ్యలో గుల్లగా, డొల్లుగా మోగితే అది 1970ల మొదట్లో వచ్చిన తరహా. అసలు లెస్ పాల్‌కి మహాగని దిమ్మ మీద మేపుల్ చెక్క గట్టిగా అతికించి గుబ్బగా చెక్కుతారు. జపాన్ వాళ్ళు మొదట్లో ఖర్చు తగ్గించుకోవడానికి ప్లైవుడ్‌ని వేడితో వంచి, గిన్నె బోర్లించినట్టు పైన మూసేవారు. కింద ఖాళీ. అంటే పేరుకి సాలిడ్ బాడీ గానీ పొట్టలో గాలి! దాని వల్ల బరువు తగ్గుతుంది, మోత కొంచెం పలచగా, తేలిగ్గా ఉంటుంది. నాకైతే ఆ మోతంటే ఇష్టం. గట్టిగా మోగితే కాస్త తర్వాతి కాలంది, పనితనం కూడా మెరుగ్గా ఉండొచ్చు.

అసలు సాలిడ్ బాడీ ఎందుకని మీ అబ్బాయి అడగొచ్చు. మన బొబ్బిలి వీణనే తీసుకోండి. పనస దుంగని తొలిచి, కుండ నుంచి దండి దాకా ఒకే చెక్కగా చేస్తే ఏకాండి వీణ అంటారు. ఆ తొలిచిన బోలే శబ్దాన్ని పెంచుతుంది. మామూలు గిటార్ కూడా అంతే. కానీ బోలుగా ఉన్న వాయిద్యానికి మైకు పెట్టి స్పీకర్ ముందు నిలబడితే పెట్టె కూడా కంపించి కూతపెడుతుంది. ఆ కూత తప్పించడానికే బోలు తీసేసి దిమ్మ పెట్టారు. శబ్దం పెట్టెలో పుట్టదు. ఉక్కు తీగ అయస్కాంతం ముందు ఊగుతుంటే, అయస్కాంతం చుట్టూ చుట్టిన రాగి తీగలో సన్నటి కరెంటు పుడుతుంది. యాంప్లిఫయర్‌కి వెళ్ళేది అదే. అందుకే దీంట్లో ఇత్తడి తీగలు వేస్తే పలకదు.

రంగు సంగతి. వద్దు. దయచేసి వద్దు. 1986లోనో 87లోనో ఒక స్నేహితుడు ఇలాంటి జపాన్ గిటారే తెచ్చి, పాతబడిపోయింది, బాగు చెయ్యరా అన్నాడు. ఎండలో మాసిన సన్‌బర్స్ట్ రంగు, మధ్యలో తేనెలా, అంచుల్లో గోధుమ నలుపు. నేను కుర్రతనం కొద్దీ దాన్నంతా సాండ్‌పేపర్‌తో లాగేసి, కార్లకి రంగు వేసే ఒక షెడ్డులో ఎర్ర డ్యూకో కొట్టించాను. సాండ్‌పేపర్ ఎక్కువ పడి పైపొర అరిగి అడుగున ప్లైవుడ్ బయటపడింది, అదీ కప్పేశాం. మెరిసింది, నిజమే. ఏడాది తిరక్కుండా ఉబ్బులు లేచాయి. నెక్ గుంటలో ఉన్న స్టాంపు కూడా ఆ రంగు కిందే పోయింది. అది ఏ ఫ్యాక్టరీదో ఈ రోజుకీ చెప్పలేను. స్నేహితుడు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ.

కారు రంగు అన్నందుకే తప్పు పట్టడం లేదు. ఫెండర్ కంపెనీ అప్పటి స్పెషల్ రంగుల్లో ఎక్కువ భాగం డ్యూపాంట్ కార్ల రంగుల్లోంచి తీసుకున్నవే. ఫ్యాక్టరీలో మొదటిసారి పడిన పూత వేరు, యాభై ఏళ్ళ తర్వాత మనం పూసేది వేరు. మీ గిటార్ మీద ఉన్నది దాదాపుగా పాలియెస్టర్ పూత. దళసరిగా, గాజులా ఉంటుంది, అంచుల్లో పెచ్చులుగా ఊడుతుంది. మెత్తటి గుడ్డ తడిపి, గట్టిగా పిండి తుడవండి. జిడ్డు పోకపోతే సిగరెట్ లైటర్‌లో పోసే ద్రవం కొద్దిగా, కిటికీ దగ్గర, నిప్పుకి దూరంగా. బ్రాసో వద్దు, ఇత్తడి బిందె తోముతున్నట్టు తోమితే పికప్ మూతల మీద పూత లేచిపోతుంది. ఫింగర్‌బోర్డుకి (నెక్ మీద వేళ్ళతో నొక్కే చెక్కకి) కొబ్బరినూనె కూడా వద్దు. మనవాళ్ళు అన్నిటికీ అదే రాస్తారు, అది ముక్కిపోయి దుమ్ము పట్టి జిగట కడుతుంది. చిన్నపిల్లలకి రాసే మినరల్ ఆయిల్ రెండు చుక్కలు చాలు, రాసిన వెంటనే తుడిచేయాలి. ఆ నల్లటి చెక్క రోజ్‌వుడ్ అయితే, మన అడవుల్లో జిట్రేగి అనేది ఆ జాతే. 1960ల చివర్లో బ్రెజిల్ రోజ్‌వుడ్ కరువయ్యాక ప్రపంచంలో గిటార్లవాళ్ళంతా మన జిట్రేగి మీదే పడ్డారు. కాబట్టి ఆ ముక్క ఇక్కణ్ణుంచే వెళ్ళి మళ్ళీ ఇక్కడికే వచ్చి ఉండొచ్చు!

ఇప్పుడు విప్పడం. ముందు తీగలు. పాతవి బిగించే ఉంటే ఒక్కసారిగా కత్తిరించకండి, ఆరింటినీ కొంచెం కొంచెంగా వదులు చేయండి. బిగించిన తీగల సెట్టు మొత్తం కలిసి నెక్ మీద 35–40 కిలోల బరువుతో లాగుతుంది. అన్నేళ్ళు అలాగే ఉంటే నెక్ విల్లులా వంగి ఉంటుంది. తర్వాత స్క్రూలు. జపాన్ స్క్రూ తల ప్లస్ గుర్తులా ఉన్నా మన ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌కి సరిగ్గా సరిపోదు. వాళ్ళకి జేఐఎస్ అనే వేరే కొలత ఉంది. మామూలుది పెట్టి బలవంతం చేస్తే తల అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఆన్‌లైన్లో దొరుకుతుంది, జపాన్ మోటార్‌సైకిళ్ళు బాగుచేసే మెకానిక్ దగ్గరా ఉండొచ్చు. తుప్పు పట్టి కదలకపోతే వేడి సాల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద నిమిషం సేపు ఆనించి, చల్లారాక తిప్పండి. షిప్‌యార్డులో నేర్చుకున్న పని ఇది, పెద్ద బోల్టులకి మంట పెట్టేవాళ్ళం. నెక్ గుంటలో సన్నటి అట్టముక్క గానీ చెక్కపేడు గానీ కనిపిస్తే పారేయకండి, అది నెక్ కోణం కోసం పెట్టినది. అటక మీద ఉంది కాబట్టి చెదపొడి ఉందేమో కూడా చూడండి. ప్రతి దశకీ ఫోటో తీయండి. స్క్రూలు అగ్గిపెట్టెల్లో వేసి, ఏవి ఎక్కడివో పైన రాసిపెట్టుకోండి.

మన ఊళ్ళో ఇలాంటి వాయిద్యానికి అసలు శత్రువు ఉప్పుగాలి. మల్కాపురం రేవుకి ఎంత దగ్గరో మీకు చెప్పక్కర్లేదు. ఇనుముకి తుప్పు, రాగికి చిలుము. పికప్ లోపల చుట్టిన రాగి తీగ తలవెంట్రుకంత సన్నం, సుమారు 0.06 మిల్లీమీటర్లు. అది వేల చుట్లు. ఎక్కడో ఒకచోట చిలుము పట్టి తెగితే మొత్తం మూగబోతుంది. మల్టీమీటర్‌ని 20 కిలో ఓమ్స్ మీద పెట్టి, పికప్ రెండు వైర్ల మధ్య కొలవండి. 4 నుంచి 9 వరకు ఏ అంకె చూపించినా ప్రాణం ఉన్నట్టే. ఏమీ చూపించకపోతే కంగారు వద్దు. చాలాసార్లు తెగేది లోపల కాదు, సన్నతీగని లావు వైరుతో కలిపి టంకం వేసిన చోట. భూతద్దం పెట్టి, ఓపిగ్గా మళ్ళీ టంకం వేస్తే పలుకుతుంది. మోటార్లు రీవైండింగ్ చేసే షాపుకి మాత్రం ఇవ్వకండి, పాపం వాళ్ళ చేతికి అంత సన్నతీగ అలవాటు ఉండదు.

మూత విప్పితే మీకో వింత కనిపించొచ్చు. పైకి రెండు చుట్ల హంబకర్‌లా కనిపించే పెట్టెలో, లోపల ఒకే చుట్టు ఉంటుంది, ఆ కాలపు చవక కాపీల్లో అది మామూలే. హంబకర్ అంటే రెండు చుట్లని ఎదురెదురుగా కలిపి, కరెంటు తీగల నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుర్రుమనే మోతని రద్దు చేసే ఏర్పాటు. గిబ్సన్ వాళ్ళు 1957లో గిటార్లలో పెట్టడం మొదలెట్టారు. ఒకే చుట్టు ఉంటే గుర్రు కొంచెం వస్తుంది, ట్యూబ్‌లైట్ దగ్గర ఇంకా ఎక్కువ. అలా అని పికప్‌లు మార్చేయకండి. ఆ గిటార్ గొంతు అదే.

వాల్యూమ్ నాబ్‌లు తిప్పితే గరగరలాడతాయి. రేడియో విడిభాగాల షాపులో కాంటాక్ట్ క్లీనర్ అని అడిగి తెచ్చుకుని, ఒక్క పిచికారీ చేసి యాభైసార్లు అటూ ఇటూ తిప్పండి. డబ్ల్యూడీ-40 దానికి కాదు. బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ నుంచి లోపలికి ఒక ఎర్త్ వైరు వెళుతుంది, అది తెగి ఉందేమో చూడండి. తీగ ముట్టుకుంటే గుర్రు తగ్గి, చెయ్యి తీస్తే పెరిగితే ఆ వైరు బాగానే ఉన్నట్టు.

నెక్ సరిచేయడం: కొత్తగా 9 గేజ్ అనే సన్నరకం తీగలు వేసి ట్యూన్ చేసి ఒక రోజు వదిలేయండి. తర్వాత లావు తీగని మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఏడో ఫ్రెట్ దగ్గర సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగుంది. ఎక్కువుంటే ఆ మూడు స్క్రూల మూత కింద ఉన్న నట్టుని పావు చుట్టు మాత్రం బిగించి, మళ్ళీ ఒక రోజు ఆగండి. తిరగకపోతే బలం పెట్టొద్దు, ఆపేయండి. ఆ నట్టు బిగించేది నెక్ లోపలి ఇనప రాడ్‌ని, అది తెగితే గిటార్ కన్నా రిపేరే ఖరీదు. ఆగస్టులో సరిచేసిన నెక్ జనవరిలో మళ్ళీ కొంచెం కదులుతుంది. ఇక్కడి తేమకి అది మామూలే, టెన్షన్ పడొద్దు.

తేమ అంటే గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా కిటికీ అద్దాలు పోయి గిటార్ పెట్టె నిండా నీళ్ళు. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. తొందరపడి మర్నాడు ఎండలో పెట్టాను. సాయంత్రానికి ఫింగర్‌బోర్డు ఒక అంచున లేచింది. నీడలో, గాలి తగిలేలా వారం రోజులు వదిలేసి ఉంటే సరిపోయేది. మీది కూడా విప్పాక ఒక వారం నీడలోనే ఉంచండి. తర్వాత పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రెండు మూడు నెలలకోసారి మార్చండి. కలరా ఉండలు వేయకండి, ఆ వాసన జన్మలో పోదు.

యాంప్లిఫయర్ మాట. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. మీ నాన్నగారు తప్పకుండా ఒక స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడి ఉంటారు, అటక మీద బరువైన ఇనప పెట్టె ఏదైనా ఉందేమో వెతకండి. దొరికినా వెంటనే పెట్టొద్దు. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఇన్నేళ్ళకి ఎండిపోయి ఉంటాయి, అవి మార్చాలి. ఫోటోలో రెండు పిన్నుల ప్లగ్గు కనిపిస్తోంది, అంటే ఎర్త్ లేదు. లీకేజీ ఉంటే కరెంటు నేరుగా గిటార్ తీగల్లోకి, అక్కణ్ణుంచి వాయించేవాడి చేతిలోకి వస్తుంది. మూడు పిన్నుల వైరు వేయించాలి. వాక్యూమ్ ట్యూబులతో పనిచేసేది అయితే ప్లగ్గు పీకేశాక కూడా లోపల వందల వోల్టులు నిలవ ఉంటాయి. తెలిసిన మనిషి తప్ప దాని మూత తీయకూడదు. అప్పటిదాకా అబ్బాయి ఏదైనా కొత్త చిన్న ప్రాక్టీస్ యాంప్‌తో వాయించుకోవచ్చు.

ధర విషయం. 1958–60 మధ్య తయారైన అసలు సన్‌బర్స్ట్ లెస్ పాల్ కోట్లలో పలుకుతుంది. మీదానికి దాంతో పోలికే లేదు. బాగా పలికితే, లోపల మంచి ఫ్యాక్టరీ గుర్తులు దొరికితే కొన్ని పదుల వేలు. లక్షన్నర ఇస్తానన్నాయన స్టిక్కర్‌ని నమ్మి ఉండాలి, లేదా దాన్ని నమ్మే ఇంకొకణ్ణి చూసి పెట్టుకుని ఉండాలి. మొదటిదైతే రేపు మీ గుమ్మం ముందుకొస్తాడు, రెండోదైతే ఇంకెవరో నష్టపోతారు. అమ్మదలచుకుంటే జపాన్ కాపీ అని చెప్పే అమ్మండి. నన్నడిగితే అమ్మొద్దంటాను. అబ్బాయి నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి గిటార్ ఆ డబ్బుకి రాదు.

స్టిక్కర్ తియ్యాలా అని చివర్లో అడిగారు. ఇంట్లో ఉంచుకునేటట్టయితే ఉండనివ్వండి, నాన్నగారే అంటించి ఉండొచ్చు. నెక్ విప్పాక మడమ మీదా, గుంటలోనూ, పికప్‌ల అడుగునా ఏ రాత ఉన్నా టార్చి పక్క నుంచి కొట్టి ఫోటో తీసి పంపండి. జపనీస్ అక్షరాలైనా సరే, గీతలైనా సరే. ఏ ఫ్యాక్టరీయో, ఏ ఏడాదో అప్పుడు చెప్పడానికి ప్రయత్నిస్తాను.